మూడు రీడింగుల తలదెబ్బ

ప్రాంతీయ తూనికల పరీక్షా కేంద్రంలో ప్రమాణ గది గుమ్మం దగ్గరికి రాగానే తెలిసినవాళ్ళు వంగుతారు, తెలియనివాళ్ళు తెలుసుకుంటారు.

కట్టినప్పుడు ఆ గుమ్మం పొట్టిది కాదు. ఒక అధికారి హయాంలో నేల మీద గచ్చు చేశారు. ఇంకో అధికారి హయాంలో గచ్చు మీద నాపరాళ్ళు పరిచారు. ఆ తర్వాత వచ్చినాయన నాపరాళ్ళ మీద టైల్సు వేయించాడు. పాతది తవ్వి తీయడానికి ఏ బడ్జెట్లోనూ పద్దు లేదు. అందుకని నేల పైకి లేస్తూ వచ్చింది, గుమ్మం ఉన్నచోటే ఉండిపోయింది. పైచెక్క మాత్రం పాతకాలపు టేకు. ఇన్ని తలలు తగిలినా దానికి చిన్న నొక్కు కూడా పడలేదు.

సువార్త ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆడవాళ్ళలోనే కాదు, మొత్తం సిబ్బందిలోనే పొడగరి. వ్యాపారులు ముద్ర వేయించుకోవడానికి తెచ్చిన తూకపురాళ్ళను సరిచూడాలంటే ప్రమాణ రాళ్ళు కావాలి. ఆ రాళ్ళ పెట్టె పొద్దున్నే ప్రమాణ గదిలోంచి బయటికి తేవడం, సాయంత్రం మళ్ళీ లోపల పెట్టడం ఆమె బాధ్యత. చేతుల్లో అంత బరువు పెట్టుకుని నడుం వంచి దాటాలి. గుమ్మం ఎత్తు చేయించమని ఆమె ఏటా అర్జీ పెడుతూనే ఉంది. ఆ అర్జీలన్నీ పరిశీలనలో ఉన్నాయి. ఆ ఆఫీసులో పరిశీలన అంటే బీరువా పైఅర.

జాయింటు డైరెక్టరు వ్యాఘ్రేశ్వరరావు మంచివాడు. చెడ్డవాడైతే ఇంత ప్రమాదం వచ్చేది కాదు. ఆయన రాజధానిలో ఒక పెద్ద హోటల్లో శిక్షణకు వెళ్ళి వచ్చాడు. మధ్యాహ్న భోజనం తర్వాత, అందరూ కునికిపాట్లు పడే వేళ, తలకు దెబ్బ తగిలిన ఆటగాళ్ళను వైద్యులు ఎలా పరీక్షిస్తారో తెరమీద చూపించారట. ఆయన ఒక్కడే మెలకువగా ఉన్నాడు. తిరిగి రాగానే సిబ్బందినందరినీ సమావేశపరిచాడు.

"మన కేంద్రమునందు శిరోఘాతములు విరివిగా సంభవించుచున్న విషయము మా దృష్టికి వచ్చియున్నది. అయితే ఇంతవరకు వాటిని శాస్త్రీయముగా కొలిచినవారు లేరు" అంటూ మొదలుపెట్టి, గోడమీద రాసి ఉన్న సంస్థ నినాదం వైపు చెయ్యి చాపాడు. కొలవనిది లేనట్టే, అని ఉంది అక్కడ.

సువార్త లేచి నిలబడింది. "గుమ్మం ఎత్తు చేయిస్తే అసలు దెబ్బలే తగలవు కదండీ."

వ్యాఘ్రేశ్వరరావు ఆమెను జాలిగా చూశాడు. "దెబ్బలు తగలకపోతే ఏం కొలుస్తామమ్మా?"

పక్కనే ఉన్న సూపరింటెండెంటు చిదంబరం ఆ మాటను మినిట్సులో రాసుకున్నాడు. పైఅధికారి మాట్లాడుతున్నంతసేపూ తల ఊపుతూ ఉండడం ఆయనకు ఇరవయ్యేళ్ళ అలవాటు.

పద్ధతి సులువైనదే. గోనె బరువు తీసేయకుండా బియ్యం తూచలేం కదా, అలాగే దెబ్బకు ముందు బుర్ర ఎంత ఉందో తెలిస్తేనే దెబ్బ తర్వాత ఎంత తగ్గిందో తెలుస్తుంది. కాబట్టి ముందుగా అందరికీ తొలి తూకం వేయాలి. నిజం చెప్పాలంటే ఇందులో తప్పేమీ లేదు. వైద్యులు ఆటగాళ్ళకు చేసేదీ ఇలాంటిదే. కాకపోతే వాళ్ళు మార్కులతో పాటు మనిషిని కూడా చూస్తారు.

తొలి తూకం బాధ్యత చిదంబరానికి అప్పగించారు. ఇవాళ ఏ వారం, మనం ఎక్కడున్నాం, నెలల పేర్లు వెనకనుంచి చెప్పు, ఒంటికాలి మీద నిలబడు, ఇవీ అంశాలు. చివర ఐదు మాటలు చదివి వినిపిస్తాడు, కాసేపయ్యాక తిరిగి అప్పజెప్పాలి. ఏనుగు, తాళం, వాన, కుంచం, మామిడి. అందరికీ అవే మాటలు, ఎప్పుడూ అవే. మాటలు మార్చితే కొలత మారుతుందని చిదంబరం వాదన. మొత్తం ముప్ఫై మార్కులు. గజిటెడ్ అధికారులకు తొలి తూకం అక్కర్లేదు, వారికి ముప్ఫైకి ముప్ఫై ఉన్నట్టుగా భావించవలెనని సర్క్యులర్లో ఉంది.

సువార్త వంతు వచ్చిన రోజు సంత. ఆవరణ నిండా వ్యాపారులు, కాటాలు, ఇనప రాళ్ళ మోత. ఆమె ఒక చేత్తో ముద్ర వేస్తూ, ఇంకో చేత్తో రసీదులు అందిస్తూ జవాబులు చెప్పింది. డిసెంబరు, నవంబరు అంటూ వెనక్కి వస్తుంటే ఒక ఉల్లిపాయల వర్తకుడు తన కాటా మాయమైందని గగ్గోలు పెట్టాడు. ఆమె అక్టోబరులో ఆగిపోయింది. పద్నాలుగు వచ్చాయి.

చిదంబరానికి ముప్ఫై వచ్చాయి. ఆయన పరీక్ష ఆయనే పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొద్ది వారాలకు ఆఫీసంతా ఏనుగు తాళం వాన కుంచం మామిడి పాటలా మోగిపోయింది. టీ తాగుతూ అనేవాళ్ళు, అటెండరు చీపురు పట్టుకుని అనేవాడు. సువార్త ఇంట్లో అంట్లు తోముతూ కూనిరాగం తీస్తుంటే, "ఏం పాట అది? మన చర్చిలో లేదే" అన్నాడు స్కూల్లో మాస్టరుగా పనిచేసే భర్త రత్నరాజు.

అసలు దెబ్బ ఒక సోమవారం పొద్దున తగిలింది. పెట్టె మూత సరిగా పడలేదు, లోపలి రాళ్ళు జారుతాయేమోనని సువార్త చూపంతా దానిమీదే పెట్టి వస్తోంది. వంగడం మరిచిపోయింది. ఆ చప్పుడు ముందుగదిలో ఉన్న వర్తకులకు కూడా వినిపించింది. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా కూలబడింది. పెట్టె ఒళ్ళోనే ఉంది.

"పెట్టె ఎక్కడ పెట్టాను?" అని అడిగింది.

"మీ ఒళ్ళోనే ఉందమ్మా" అన్నాడు అటెండరు.

"సరే" అంది. కాస్సేపటికి, "పెట్టె ఎక్కడ పెట్టాను?" అంది.

చిదంబరం పరుగున వచ్చాడు. నీళ్ళు తేలేదు, ప్రశ్నపత్రం తెచ్చాడు. ఏ వారమంటే ఆదివారమంది. నెలల పేర్లు డిసెంబరు నుంచి తిన్నగా జూన్ దాకా వచ్చి ఆగింది. ఐదు మాటలు మాత్రం కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పింది. చిదంబరం కూడి చూశాడు, మళ్ళీ కూడాడు. పంతొమ్మిది.

ఆమె లేచి, తూలుకుంటూ ఆవరణలోకి వెళ్ళి వాంతి చేసుకుంది.

"వాంతికి మార్కులు లేవు" అన్నాడు చిదంబరం, ఎవరూ అడక్కముందే.

రత్నరాజు స్కూలు మధ్యలో వదిలేసి వచ్చి ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ఫణికుమారి స్కాను తీయించింది, కళ్ళలో లైటు వేసి చూసింది, గీత మీద నడిపించింది.

"లోపల రక్తం ఏమీ కారలేదు. అది అదృష్టమే. కానీ మెదడు అదిరిందమ్మా. అది స్కానులో కనపడదు, అంతమాత్రాన లేనట్టు కాదు. రెండు మూడు రోజులు పూర్తిగా విశ్రాంతి. ఫోను, టీవీ వద్దు. ఆ తర్వాత తలనొప్పి పెరగకుండా కొంచెం కొంచెంగా పనులు మొదలుపెట్టండి. తలనొప్పి మరీ ఎక్కువైనా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా అర్ధరాత్రయినా సరే తీసుకొచ్చెయ్యండి" అంది. రత్నరాజు వైపు తిరిగి, "ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇది పూర్తిగా తగ్గేదాకా మళ్ళీ తలకు దెబ్బ తగలకూడదు. మొదటిదానికంటే రెండోది చాలా ప్రమాదం" అంది.

ఆ రోజు సాయంత్రం సువార్త చిన్నకూతురిని పిలవబోయి, పేరు కోసం వెతుక్కుంది. పిల్ల ఎదురుగానే నిలబడి ఉంది. పేరు దొరకడానికి కాస్త సమయం పట్టింది. పిల్లకేమీ తెలియలేదు. పెళ్ళయ్యాక ఆమె అంత భయపడడం అదే మొదటిసారి.

సెలవు దరఖాస్తు తిరిగి వచ్చింది. "దరఖాస్తుదారు తలదెబ్బకు పూర్వము పద్నాలుగు మార్కులును, తదనంతరము పంతొమ్మిది మార్కులును పొందియున్నందున, ఆమెకు సంభవించినది నష్టము గాక లాభమని తేలుచున్నది. లాభమునకు వైద్య సెలవు మంజూరు చేయు నిబంధన లేదు" అని చిదంబరం రాశాడు.

వ్యాఘ్రేశ్వరరావు అంతటితో ఆగలేదు. ఆయన ఉత్సాహం పట్టపగ్గాల్లేకుండా ఉంది. తలదెబ్బ వల్ల ఉద్యోగి సామర్థ్యం పెరిగిందని ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపాడు. ఫలితం ఆసక్తికరంగా ఉంది, ధ్రువీకరించి తెలుపగలరు అని వాళ్ళు జవాబిచ్చారు.

ధ్రువీకరణ అనే మాట దగ్గరే సువార్త ప్రాణం మీదికి వచ్చింది. తూనికల శాఖలో ఏ వస్తువునైనా మూడుసార్లు తూచి సగటు తీయాలి. బంగారమైనా అంతే, బెల్లమైనా అంతే. ఒక్కసారి తూచిన తూకానికి ముద్ర వేస్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ లెక్కన సువార్త తలదెబ్బకు ఇంతవరకు ఒక్క రీడింగే వచ్చింది. మిగతా రెండూ పరిశీలకుడి సమక్షంలో శుక్రవారం తీసుకోబడును అని తాఖీదు వచ్చింది.

ఆమె నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. ట్యూబులైటు వెలుగు కూడా సూదుల్లా గుచ్చుకుంటోంది.

"రెండో దెబ్బ తగిలితే ప్రమాదమని డాక్టరుగారు చెప్పారండి."

"ఆవిడ ఎన్ని రీడింగులు తీశారు?" అన్నాడు వ్యాఘ్రేశ్వరరావు.

"రీడింగులు కాదండి. చూసి చెప్పారు."

"అదీ సంగతి. చూసి చెప్పడం వేరు, కొలిచి చెప్పడం వేరు." ఆయన గొంతులో కోపం లేదు, మమకారమే ఉంది. "మీరేం బెంగ పెట్టుకోకండి. కుర్చీ వేయిస్తున్నాం, గ్లూకోజు నీళ్ళు ఉంచుతున్నాం. మీరు ఆ రోజు ఎలా నడిచారో అలాగే నడిచి రండి, చాలు. రెండుసార్లు. మీ పేరు రాష్ట్రమంతా తెలుస్తుంది."

"నాకు నా పిల్లల పేర్లు గుర్తుంటే చాలండి" అంది సువార్త. "ఆ గుమ్మం ఎత్తు చేయించండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇప్పుడా? అది ఇప్పుడు పరికరమమ్మా. పరికరాన్ని ప్రయోగం మధ్యలో మార్చితే ఫలితం చెడుతుంది."

శుక్రవారం నాటికి గుమ్మానికి మామిడాకులు కట్టారు. పైచెక్కకు పసుపు రాసి, ఆమె తల తగిలినచోట ఎర్రరంగుతో గుర్తు పెట్టారు. ప్రధాన కార్యాలయం నుంచి పరిశీలకుడు వచ్చి ముందువరసలో కూర్చున్నాడు. ఏదైనా తేడా వస్తే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోదామని రత్నరాజు స్కూలుకు సెలవు పెట్టి వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు.

సువార్తను పెట్టెతో సహా లోపల నిలబెట్టారు. ఆమె గుమ్మం దాకా వచ్చింది. చక్కగా వంగి, బయటికి వచ్చింది.

"వంగకూడదమ్మా" అన్నాడు చిదంబరం.

"వంగకుండా రానండి."

"వంగితే రీడింగు ఎలా వస్తుంది?"

"రాకపోనివ్వండి." ఆమె పెట్టె కింద పెట్టింది. "ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి. తల మాత్రం ఇవ్వను."

పరిశీలకుడు గడియారం చూసుకున్నాడు. వ్యాఘ్రేశ్వరరావుకు పరువు పోయేట్టనిపించింది. "ఆమె కంగారు పడుతున్నారండి, అంతే. ఇందులో ఏముంది, ఆ రోజు ఆమె నడక సహజమైన నడక. నేను చూపిస్తాను" అంటూ పెట్టె ఎత్తుకుని లోపలికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఏళ్ళ తరబడి అలవాటు కొద్దీ వంగాడు. తిరిగి వచ్చేటప్పుడు పరిశీలకుడి వైపు చూస్తూ, "దృష్టి పెట్టె మీద, మెడ నిటారుగా, అడుగు" అంటూ వచ్చాడు. అడుగు అనే మాట పూర్తవుతుండగా ఎర్ర గుర్తు మీద సరిగ్గా తగిలింది.

పెట్టె టైల్సు మీద పడింది. ఆయన గడప మీద కూర్చుండిపోయాడు.

"నా కళ్ళజోడు ఏదీ?" అన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. "ఇంతమంది గుమిగూడారేం? ఎవరైనా పోయారా?"

ఆయన మళ్ళీ అడిగాడు. "ఇంతమంది గుమిగూడారేం?"

చిదంబరం ప్రశ్నపత్రం సగం తీసి, మళ్ళీ లోపల పెట్టాడు. గజిటెడ్ అధికారికి ముప్ఫై ఉన్నట్టు భావించాలి. ఇప్పుడు పరీక్షిస్తే తగ్గుతాయి. తగ్గాయని రాసే చెయ్యి తనది.

సువార్తే ముందుకు వచ్చి ఆయన పక్కన కూర్చుంది. "కదలకండి సార్. మెల్లగా గోడకు ఆనుకోండి. మెడ నొప్పిగా ఉందా?" అని, రత్నరాజుకేసి చూసి, "ఆటో పిలు. ఫణికుమారి గారి దగ్గరికి తీసుకెళ్దాం. ఒంటరిగా వదలకూడదు" అంది. నాలుగు రోజులుగా ఆయన మీద పళ్ళు నూరుతూనే ఉంది. అయినా ఆ కళ్ళలోని అయోమయం చూసి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ అయోమయంలోంచి తనూ మొన్ననే బయటపడింది.

అప్పుడు వ్యాఘ్రేశ్వరరావు తలెత్తి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ గుమ్మం ఇంత పొట్టిగా ఉందేమిటి?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నాకెవరూ చెప్పలేదేం? రేపే వడ్రంగిని పిలిచి ఎత్తు చేయించండి."

ఆ కార్యాలయ చరిత్రలో అంత తెలివైన ఉత్తర్వు ఇంకెవరూ ఇవ్వలేదు. అందుకే చిదంబరానికి అనుమానం వచ్చింది. అధికారి నోటి వెంట వచ్చిన మాట అమలు చేయకపోతే ధిక్కారం, స్పృహ సరిగా లేనివాడి మాట అమలు చేస్తే ఆడిట్ అభ్యంతరం. రెండింట్లో ఏదో తేలేదాకా గుమ్మం జోలికి ఎవరూ పోరాదని రాసి, పరిశీలకుడి చేత కూడా సంతకం పెట్టించాడు.

వ్యాఘ్రేశ్వరరావుకు ఫణికుమారి అదే విశ్రాంతి రాసింది. ఆయన దరఖాస్తు పెట్టకముందే సెలవు మంజూరైంది. తిరిగి వచ్చిన రోజు చిదంబరం మెల్లగా దగ్గరికి చేరి, "గుమ్మం సంగతి ఏం చేయమంటారు సార్?" అన్నాడు.

"ఏ గుమ్మం?"

"పొట్టిగా ఉందన్నారు. ఎత్తు చేయించమన్నారు."

"నేనా? మతి ఉండే అన్నానా ఆ మాట? అది పరికరమయ్యా."

"సార్ పూర్తిగా కోలుకున్నారు" అన్నాడు చిదంబరం. కళ్ళు చెమర్చాయి.

ఆ వారంలోనే సవరించిన సర్క్యులర్ వచ్చింది. పాత ప్రశ్నలన్నీ రద్దు. "అనుభవపూర్వకముగా తేలినదేమనగా, గుమ్మము పొట్టిగా ఉన్నదని పలుకుటయే శిరోఘాతమునకు నిశ్చితమైన లక్షణము. అట్లు పలుకుట మానినచో స్వస్థత చేకూరినట్లు." దాన్ని బట్టి సువార్త పాత అర్జీలన్నీ బీరువా పైఅర నుంచి దిగి వచ్చాయి. ఆమె చాలా ఏళ్ళుగా తలదెబ్బతోనే ఉద్యోగం చేస్తోందని తేలింది. అంతటి నిబద్ధతను మెచ్చుకుంటూ కావలసినంత సెలవు ఇచ్చారు.

సువార్త పోట్లాడలేదు. కారణం ఏదైనా ఆమెకు కావలసింది చీకటి గది, నిద్ర. తలుపులు దగ్గరగా వేసుకుని పడుకుంది. తర్వాత వీధి చివరిదాకా నడిచింది, ఆ పైన చర్చిదాకా. ఒకనాడు కుక్కరు కూత పెడితే ఉలిక్కిపడకుండా విన్నది. పిల్లలిద్దర్నీ వాళ్ళ పేర్లు పెట్టి, వాళ్ళ ముద్దుపేర్లు పెట్టి, వాళ్ళు విసుక్కునేదాకా పిలిచింది. ఆ సంతోషం ఇంకెవరికీ అర్థం కాదు. అంతా బాగైపోయింది గనక ఉద్యోగానికి వెళ్ళక తప్పలేదు.

చేరేముందు పరీక్ష ఉంది. ఒకటే ప్రశ్న. వ్యాఘ్రేశ్వరరావు స్వయంగా ఆమెను గుమ్మం ముందు నిలబెట్టి అడిగాడు.

"చూసి చెప్పండమ్మా. పొట్టిగా ఉందా?"

సువార్త గుమ్మాన్ని చూసింది. అవునంటే తలదెబ్బ, కాదంటే అబద్ధం. ఆమె బుర్ర ఇప్పుడు కడిగిన పలకలా ఉంది.

"గుమ్మం సరిగానే ఉందండి. మనుషులే పొడుగయ్యారు" అంది.

ఎగతాళిగానే అంది. కానీ వ్యాఘ్రేశ్వరరావు ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకు సమస్య మూలం పట్టుకున్నారు" అంటూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. గుమ్మాన్ని మించిన ఎత్తుగల, గజిటెడ్ కాని సిబ్బందిని ఆ కార్యాలయంలో కొనసాగించరాదని మర్నాడే తీర్మానం జరిగింది. సిబ్బందికి ఎత్తు కొలిచారు, మూడేసిసార్లు. సగటు తీశారు. ముందు తేలిన పేరు సువార్తది. ఆమెను పక్క జిల్లా కేంద్రానికి బదిలీ చేశారు.

అది పాత దొరల కాలంనాటి బంగళా. గుమ్మాలు ఎంత ఎత్తంటే, ఏనుగు కూడా అంబారీతో లోపలికి రావచ్చు. సువార్త మొదటిరోజు సంచి భుజాన వేసుకుని వెళ్ళింది. గడప దగ్గరికి రాగానే నడుం దానంతటదే వంగింది. లోపలికి వెళ్ళాక చూసుకుని, తనలో తనే నవ్వుకుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు కూడా వంగింది. అప్పుడు నవ్వు రాలేదు.

వారమంతా అలాగే గడిచింది. ఆమె వంగడాన్ని అక్కడి అధికారి తన కుర్చీలోంచి రోజూ గమనిస్తున్నాడు. శనివారం సిబ్బందినందరినీ పిలిపించాడు.

"ప్రభుత్వ కార్యాలయములో అడుగుపెట్టునపుడు ఎట్టి వినయము ఉండవలెనో ఈమెను చూసి నేర్చుకోవలెను" అన్నాడు. ఇకమీదట అందరూ తల వంచే లోపలికి రావాలన్నాడు. కొందరు మరిచిపోవచ్చు కాబట్టి, మరిచిపోయేవారికి గుర్తు చేసే ఏర్పాటు కూడా మంజూరు చేశాడు.

ఒక్క రోజులో మంజూరైంది. సోమవారం సువార్త వచ్చేసరికి వడ్రంగి నిచ్చెన వేసుకుని, ఆ ఎత్తైన గుమ్మానికి సగంలో అడ్డంగా కొత్త చెక్క బిగిస్తున్నాడు. ఆమె నిచ్చెన కింద నిలబడి, నుదుటి మీది పాత దెబ్బ మచ్చ తడుముకుంటూ కాసేపు చూసింది.

"బాబూ, కాస్త మెత్తటి కర్ర వెయ్యి" అంది.

"గవర్నమెంటు పని కదమ్మా" అన్నాడు వడ్రంగి మేకు నోట్లోంచి తీసి. "టేకే వెయ్యమన్నారు."